ఒకే పేరు, ఇద్దరు మనుషులు: నాలెడ్జ్ గ్రాఫ్‌లో భాషా నమూనాకు ఏ పని అప్పగించాలి

పాత పత్రికల డిజిటల్ ప్రతుల్లో కనిపించే మనుషుల పేర్లను, ఊళ్ల పేర్లను నాలెడ్జ్ గ్రాఫ్‌లోని (మనుషులు, ఊళ్లు వంటివాటిని నోడ్‌లుగా, వాటి మధ్య సంబంధాలను అంచులుగా దాచే నిల్వలోని) సరైన నోడ్‌లకు కలపడానికి ఒక పెద్ద భాషా నమూనాను (చాట్‌బాట్‌ల వెనుక పనిచేసే రకం మోడల్‌ను) వాడుతున్నామని మీరు రాశారు. వాక్యం ఇచ్చి, అందులోని పేరుకు వికీడేటా (అందరూ కలిసి రాసే ఉచిత నాలెడ్జ్ గ్రాఫ్) ఇచ్చిన సంఖ్య చెప్పమంటే ప్రసిద్ధుల విషయంలో సరిగ్గానే చెబుతోందని, మిగిలినవారి విషయంలో సంబంధం లేని సంఖ్యలు ఇస్తోందని, ఈలోగా గ్రాఫ్‌లో కొందరి వివరాలు మరొకరి వివరాలతో కలిసిపోయాయని కూడా చెప్పారు. ఇంతకంటే పెద్ద మోడల్ తీసుకోవాలా, ఉన్నదానికే మీ డేటాతో ఫైన్‌ట్యూనింగ్ (అదనపు శిక్షణ) చేయాలా అని అడిగారు. ప్రస్తుతానికి ఆ రెండూ అక్కరలేదని నా అభిప్రాయం. మోడల్‌ను మీరు జ్ఞాపకశక్తి పరీక్షకు కూర్చోబెట్టారు. దాన్ని చదివి, పోల్చి, ఎంచుకునే పనికి మార్చితే మీ తప్పుల్లో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది.

ముందు ఆ సంఖ్యల సంగతి చూద్దాం. వికీడేటా 2012 అక్టోబరులో మొదలైంది, ఇప్పుడు అందులో పది కోట్లకు పైగా అంశాలు ఉన్నాయి. ప్రతి అంశానికి క్యూ అక్షరం తరువాత ఒక వరుస సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యకూ అది సూచించే మనిషికీ అర్థపరమైన సంబంధం ఏదీ లేదు. భాషా నమూనా నేర్చుకునేది మాటల మధ్య సంబంధాలను; ఒక సంఖ్య ఒక పేరు పక్కన వేలసార్లు కనబడితే తప్ప ఆ జత దానికి నిలవదు. అందుకే ప్రసిద్ధుల విషయంలో సరిగ్గా చెప్పి, మిగిలినవారి విషయంలో ఆకారానికి సరిపోయే సంఖ్యను అల్లుతుంది. ఇందులో అసలు ప్రమాదం మరొకటి ఉంది. పరిశోధకులకు ఇచ్చే ఆర్కిడ్ గుర్తింపులో పదహారు స్థానాలు ఉంటాయి, చివరిది తనిఖీ అక్షరం. ఊహించి రాసిన ఆర్కిడ్ సంఖ్య చాలావరకు ఆ తనిఖీలోనే పట్టుబడుతుంది. వికీడేటా సంఖ్యకు అటువంటి తనిఖీ లేదు. మోడల్ కల్పించిన సంఖ్య సాధారణంగా నిజంగానే ఉంటుంది, కాకపోతే అది ఎక్కడో ఒక గ్రహశకలానికో, ఒక పరిశోధన వ్యాసానికో చెందినదై ఉంటుంది. ప్రోగ్రాం దాన్ని ఏ అభ్యంతరమూ లేకుండా స్వీకరిస్తుంది. కాబట్టి మొదటి నియమం ఇది: మోడల్ ఎప్పుడూ గుర్తింపు సంఖ్యను రాయకూడదు. మీరు చూపిన జాబితాలో ఒకటో, రెండో, మూడో అని మాత్రమే చెప్పాలి. ఆ వరుసను అసలు సంఖ్యగా మార్చేది మీ ప్రోగ్రాం.

జాబితా చూపించడం చిన్న మార్పులా అనిపిస్తుంది కానీ, పని మొత్తం దానితో మూడు భాగాలుగా విడిపోతుంది: వచనంలో పేరు ఎక్కడ ఉందో పట్టుకోవడం, ఆ పేరు ఎవరెవరిది కావచ్చో గ్రాఫ్ నుంచి క్యాండిడేట్లను తీయడం, వారిలో ఒకరిని ఎంచుకోవడం. ఈ మూడో మెట్టునే తెలుగు వికీపీడియన్లు అయోమయ నివృత్తి అంటారు, ఆ మాట నాకు చాలా ఇష్టం. చాలామంది శ్రమంతా దీని మీదే పెడతారు. నేను చూసిన ప్రాజెక్టుల్లో మాత్రం నష్టం ఎక్కువగా రెండో మెట్టులో జరిగింది. సరైన మనిషి జాబితాలోకే రాకపోతే ఆ తరువాత ఎంత తెలివైన మోడల్ ఉన్నా చేయగలిగేది లేదు. అంతకంటే ఘోరంగా, ఉన్నవారిలో దగ్గరగా కనిపించిన వారిని ఎంచుకుంటుంది. అందువల్ల ఎంపిక ఎంత కచ్చితంగా ఉందో కొలిచే ముందు, సరైన సమాధానం మొదటి ఇరవై ముప్పై క్యాండిడేట్లలో ఎన్నిసార్లు ఉంటోందో విడిగా కొలవండి. ఆ కొలత, అంటే రీకాల్, తక్కువగా ఉన్నంత కాలం ప్రాంప్టును (మోడల్‌కు ఇచ్చే ఆదేశాన్ని) సవరిస్తూ కూర్చోవడం వృథా శ్రమ.

క్యాండిడేట్లను ఒకే దారిలో తీయవద్దు. గ్రాఫ్‌లోని ప్రధాన నామం, మారుపేర్లు, వికీపీడియా దారిమార్పులు, ఇతర వ్యాసాల్లో ఆ పేజీకి లింకు ఇచ్చేటప్పుడు వాడిన మాటలు, వీటన్నిటితో ఒక సూచిక తయారు చేయాలి. అక్షర దోషాలకు లెవెన్‌స్టైన్ దూరం (ఒక మాట మరో మాట కావడానికి ఎన్ని అక్షరాలు మార్చాలో చెప్పే లెక్క) వంటి కొలతను తోడు పెట్టుకోవాలి, ఎందుకంటే పాత పత్రికల స్కానుల్లో అక్షరాలు తారుమారు కావడం తప్పదు. దీనితో పాటు సందర్భాన్నీ నోడ్ వర్ణననూ ఎంబెడింగులుగా, అంటే అర్థాన్ని పట్టే అంకెల వరుసలుగా మార్చి, దగ్గరితనం చూసే పద్ధతిని కూడా నడపాలి. 2020లో వచ్చిన బ్లింక్ అనే, పేర్లను నోడ్‌లకు కలిపే వ్యవస్థ ఈ క్రమాన్నే పాటించింది: ఒక వేగవంతమైన ఎన్‌కోడర్ (వచనాన్ని అంకెలుగా మార్చే మోడల్) జంటతో పెద్ద రాశి నుంచి కొద్దిమందిని వడపోసి, తరువాత సందర్భాన్నీ వర్ణననూ కలిపి చదివే నెమ్మదైన ఎన్‌కోడర్‌తో వారిని క్రమంలో పెట్టింది. ఆ వెంటనే వచ్చిన జెన్ర్ అనే మరో వ్యవస్థ పేరునే అక్షరాలుగా పుట్టిస్తుంది కానీ, గ్రాఫ్‌లో నిజంగా ఉన్న పేర్లతో కట్టిన ఉపసర్గ వృక్షం (మొదటి అక్షరాల నుంచి కొమ్మలుగా విడిపోయే పేర్ల జాబితా) దాటి పోనివ్వదు. దాని బహుభాషా రూపం వందకు పైగా భాషల మీద శిక్షణ పొందింది. అక్షరం మీద నడిచే వెతుకులాట, అర్థం మీద నడిచే వెతుకులాట వేర్వేరు చోట్ల తప్పుతాయి, కాబట్టి రెండింటి ఫలితాలనూ కలిపి తీసుకోవడం మంచిది. పెద్ద భాషా నమూనాను కూడా ఇక్కడ వాడుకోవచ్చు: ఈ పేరుకు ఇతర వర్ణక్రమాలు, పొడి అక్షరాల విస్తరణలు, పాత పేర్లు ఏమిటని అడిగి, వచ్చిన ప్రతి రూపంతోనూ సూచికలో వెతకండి. అది కల్పించి చెప్పినా ఇక్కడ పెద్ద హాని ఉండదు. లేని పేరుకు సూచికలో ఏమీ దొరకదు, పొరపాటున దొరికినా తరువాతి మెట్టు దాన్ని పరిశీలిస్తుంది.

ఇక ఎంపిక. ఇక్కడ ఒక నిజమైన ఉదాహరణ మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను. విన్‌స్టన్ చర్చిల్ అనగానే 1874లో పుట్టి 1965లో మరణించిన బ్రిటన్ ప్రధానమంత్రి గుర్తుకు వస్తారు. అదే పేరుతో 1871లో పుట్టి 1947లో మరణించిన ఒక అమెరికన్ రచయిత ఉన్నారు. ఇద్దరూ నవల రాసినవారే, ఇద్దరూ రాజకీయాల్లో ఉన్నవారే: బ్రిటన్ చర్చిల్ 1900లో పార్లమెంటుకు ఎన్నికైతే, అమెరికన్ చర్చిల్ 1903లోను, 1905లోను న్యూహాంప్‌షైర్ శాసనసభకు ఎన్నికయ్యారు. 1901లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన నవల అమెరికన్ చర్చిల్‌ది. 1900 డిసెంబరులో బ్రిటన్ చర్చిల్ ఉపన్యాసాలు ఇస్తూ అమెరికాలోనే తిరుగుతున్నారు, బోస్టన్‌లో ఇద్దరూ కలుసుకున్నారు కూడా. ఇప్పుడు ఆ రోజుల బోస్టన్ పత్రికలో “నవలాకారుడు మిస్టర్ చర్చిల్ నిన్న నగరంలో ఉన్నారు” అనే వాక్యం మీ చేతికి వచ్చిందనుకోండి. పేరు కలిసింది, వృత్తి కలిసింది, కాలం కలిసింది, ఊరు కూడా కలిసింది.

ఈ వాక్యాన్ని ఏ ఆధారమూ ఇవ్వకుండా మోడల్‌కు ఇస్తే ప్రధానమంత్రి వైపే మొగ్గుతుంది, ఎందుకంటే అది చదివిన వచనంలో ఆ పేరు చాలా ఎక్కువసార్లు ఆయనదే. ఈ మొగ్గు మోడల్‌తో పుట్టినది కాదు. ఒక పేరు ఎక్కువసార్లు ఎవరిని సూచిస్తుందో ఆయనకే కలిపే సాదా పద్ధతి కూడా సాధారణ వార్తల్లో మంచి మార్కులే తెచ్చుకుంటుంది. చిక్కల్లా ఏమిటంటే, మీ దగ్గర ఉన్నవి పాత పత్రికలు, వాటిలో అప్పటికి ప్రసిద్ధులు వేరు. 1901లో ఒక అమెరికన్ పాఠకుడికి చర్చిల్ అంటే మొదట తట్టేది ఆ నవలాకారుడే.

మోడల్‌కు చూపించే క్యాండిడేట్ల వివరాల్లో ఏం ఉండాలన్నది ఇక్కడే తేలుతుంది. చాలామంది ప్రతి నోడ్‌కూ ఒకే అచ్చులో నాలుగు వివరాలు ఇస్తారు: పేరు, వృత్తి, దేశం, ఒక వాక్యం వర్ణన. ఇద్దరు చర్చిల్‌ల విషయంలో వృత్తి అనే గడి ఏ సాయమూ చేయదు, ఎందుకంటే రెండు చోట్లా రచయిత, రాజకీయవేత్త అనే ఉంటుంది. నేను పాటించే పద్ధతి వేరు. జాబితాలోని క్యాండిడేట్లను ముందుగా ఒకరితో ఒకరిని ప్రోగ్రాంతో పోల్చి, వారి మధ్య తేడా ఉన్న లక్షణాలను మాత్రమే ఏరి, వాటినే ఒక్కొక్కరి వివరాల కార్డు మీద పైన పెడతాను. పుట్టిన సంవత్సరం, నివాసం, చదివిన సంస్థ, భార్యాభర్తల పేర్లు, పదవుల తేదీలు, ప్రచురణకర్తలు, ఇలా తేడా ఎక్కడ ఉంటే అది. అందరికీ ఉమ్మడిగా ఉన్న సమాచారం చోటు తినడమే కాక, సందర్భంలోని మాటతో అది కలిసినప్పుడు మోడల్‌కు లేని ధైర్యం ఇస్తుంది.

ప్రాంప్టులో ప్రస్తావనను (వచనంలో పేరు వచ్చిన చోటును) గుర్తులతో చూపించాలి, ముందు వెనుక పేరాలు ఇవ్వాలి, పత్రిక తేదీ, ప్రచురణ స్థలం, వ్యాసం శీర్షిక తప్పకుండా ఉండాలి. చాలాసార్లు నివృత్తి జరిగేది వాక్యం వల్ల కాదు, తేదీ వల్ల. క్యాండిడేట్లతో పాటు మరో రెండు ఎంపికలు విడివిడిగా ఉంచండి: “వీరెవరూ కాదు” అన్నది ఒకటి, “ఇచ్చిన వచనం తేల్చడానికి చాలదు” అన్నది మరొకటి. ఈ రెండింటినీ ఒకటి చేయడం నేను తరచుగా చూసే తప్పు. మొదటిది గ్రాఫ్‌లో లేని కొత్త మనిషి ఉన్నాడని చెబుతుంది, రెండోది మరింత వచనం కావాలని చెబుతుంది. వాటి తరువాత చేయవలసిన పనులు పూర్తిగా వేరు. పైన ఇచ్చిన చర్చిల్ వాక్యానికి నిజాయితీ గల సమాధానం రెండోదే. ఆ సమాధానం చెప్పే వీలు మోడల్‌కు ఇవ్వకపోతే, అది అబద్ధమాడినట్టు అనుకోవడం న్యాయం కాదు.

ఎంపికతో పాటు ఆధారాన్ని అడగాలి, అదీ మీరు ఇచ్చిన వచనం నుంచి యథాతథంగా. “ఏ మాటలను బట్టి ఈ నిర్ణయానికి వచ్చావో వాటిని ఉన్నదున్నట్టు రాయి” అని చెప్పి, ఆ మాటలు నిజంగా వచనంలో ఉన్నాయో లేవో ప్రోగ్రాంతో సరిచూడండి. లేకపోతే ఆ సమాధానాన్ని పక్కన పెట్టండి. మోడల్ తన జ్ఞాపకంలోంచి తెచ్చిన ఆధారమూ, మీ పత్రంలో ఉన్న ఆధారమూ మనిషి కంటికి ఒకేలా కనిపిస్తాయి. ఈ చిన్న తనిఖీ వాటిని విడదీస్తుంది. అలాగే క్యాండిడేట్ల వరుస మార్చి రెండోసారి అడగండి. మోడళ్లకు జాబితాలో మొదట ఉన్నదాని వైపో, చివర ఉన్నదాని వైపో మొగ్గు ఉంటుంది. వరుస మారగానే సమాధానం మారితే, అది వరుసను బట్టి చెప్పిన సమాధానం. దాన్ని మనిషి పరిశీలనకు పంపాలి.

తేదీల తర్కాన్ని మాత్రం మోడల్‌కు వదలకండి. 1947లో మరణించిన మనిషి 1950లో ప్రసంగించలేడన్నది ఒక పోలికతో తేలే విషయం, దాన్ని ప్రోగ్రాంలోనే రాయండి. అయితే నియమాన్ని క్రియను చూసి పెట్టాలి: మరణించిన తరువాత కూడా పుస్తకం అచ్చవుతుంది, విగ్రహం వెలుస్తుంది, మాట ఉటంకింపబడుతుంది. ప్రసంగించారు, ఎన్నికయ్యారు, ప్రయాణించారు వంటి క్రియలకే జీవితకాలపు హద్దు వర్తిస్తుంది. ఆ క్రియ ఏ రకమో చెప్పే పని మోడల్‌కు బాగా సరిపోతుంది.

చర్చిల్‌ల కథలో నాకు అన్నిటికంటే విలువైన భాగం మరొకటి. 1899లో బ్రిటన్ చర్చిల్ ఈ చిక్కును గమనించి అమెరికన్ చర్చిల్‌కు ఉత్తరం రాశారు. ఇకమీదట తన రచనలకు విన్‌స్టన్ స్పెన్సర్ చర్చిల్ అని సంతకం చేస్తానని చెప్పారు. ఆయన పుస్తకాల మీద మధ్యలో కనిపించే ఎస్ అనే పొడి అక్షరం అలా వచ్చింది. ఇద్దరు మనుషులు ఉత్తరాలతో చేసుకున్న అయోమయ నివృత్తి అది. ఇప్పుడు మన డేటా శుద్ధి ప్రోగ్రాములు ఏం చేస్తాయో చూడండి: చుక్కలు తీసేస్తాయి, పొడి అక్షరాలు తీసేస్తాయి, అన్నిటినీ ఒకే రూపానికి తెస్తాయి. నేను కొన్నేళ్ల క్రితం ఒక గ్రంథసూచి పనిలో సరిగ్గా ఇదే చేశాను. జత కుదిరిన రికార్డుల సంఖ్య పెరిగిందని సంతోషించాం. కొన్ని నెలల తరువాత తండ్రి పుట్టిన సంవత్సరం, కొడుకు మరణించిన సంవత్సరం ఒకే నోడ్ మీద కూర్చుని, ఒక రచయిత నూట పదేళ్లకు పైగా జీవించినట్టు చూపించినప్పుడు గానీ మేం తీసేసిన అక్షరంలోనే సమాచారం ఉందని అర్థం కాలేదు. వెతకడానికి శుద్ధి చేసిన రూపం వాడండి, నిర్ణయించడానికి మాత్రం అచ్చులో ఉన్న రూపాన్నే చూపించండి. రెండింటినీ వేర్వేరు గడుల్లో దాచుకోండి.

తండ్రీకొడుకుల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. అలెగ్జాండర్ డ్యూమా పేరుతో తండ్రి (1802–1870), కొడుకు (1824–1895) ఇద్దరూ రచయితలే. యోహాన్ స్ట్రాస్ పేరుతో తండ్రి (1804–1849), కొడుకు (1825–1899) ఇద్దరూ సంగీతకర్తలే. ఒకే పత్రంలో ఒక మాట సాధారణంగా ఒకే అర్థంలో వస్తుందని గేల్, చర్చ్, యారోవ్‌స్కీ 1992లో చూపించారు. పేర్ల విషయంలోనూ ఆ పరిశీలన చాలావరకు పనికి వస్తుంది; వ్యాసం మొదట్లో పూర్తి పేరు ఒకసారి తేలితే తరువాత వచ్చే ఇంటిపేర్లన్నీ దానితోనే పోతాయి. అందుకే ఒక్కో ప్రస్తావనను విడిగా అడగకుండా పత్రంలోని పేర్లన్నిటినీ కలిపి అడగడం మంచిది, ఒక పేరు తేలడం మరో పేరుకు ఆధారమవుతుంది. కానీ స్ట్రాస్ కుటుంబం గురించిన వ్యాసంలో ఈ నియమం అడుగడుగునా విరుగుతుంది. జాబితాలోని ఇద్దరు క్యాండిడేట్ల మధ్య గ్రాఫ్‌లో బంధుత్వపు అంచు ఉంటే ఆ నియమాన్ని ఆ పత్రానికి ఆపేసి, ప్రతి ప్రస్తావననూ విడిగా చూడాలి.

ఊళ్ల పేర్లలో మరో రకం చిక్కు ఉంది. విక్టోరియా అంటే రాణి, సరస్సు, ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్రం, సీషెల్స్ రాజధాని, కెనడాలో ఒక రాష్ట్ర రాజధాని. ఇవి సందర్భంతో తేలికగానే విడిపోతాయి. “వాషింగ్టన్ ఆ ప్రతిపాదనను తిరస్కరించింది” అన్నప్పుడు మాత్రం దాన్ని నగరానికి కలపాలా, ప్రభుత్వానికి కలపాలా అన్నది మోడల్ తెలివికి సంబంధించిన ప్రశ్న కాదు, మీ విధానానికి సంబంధించినది. మీరు ముందుగా నిర్ణయించి రాసిపెట్టకపోతే మోడల్ ఒకసారి అలా, ఒకసారి ఇలా చెబుతుంది. మీ మనుషులు కూడా అలాగే చెబుతారు.

మీ సేకరణలో తెలుగు పత్రికలు కూడా ఉన్నాయన్నారు. తెలుగులో పెద్ద అక్షరాలు లేవు కాబట్టి పేరు ఎక్కడ మొదలవుతుందో లిపి చెప్పదు. విభక్తి పేరుకే అతుక్కుంటుంది: పారిస్‌లో, పారిస్‌కు, పారిస్‌నుంచి. వీటిలో పొల్లుకూ తరువాతి అక్షరానికీ మధ్య కంటికి కనబడని విభాజక అక్షరం ఒకటి ఉంటుంది, కొందరు దాన్ని టైపు చేస్తారు, కొందరు చేయరు; ఒకేలా కనిపించవలసిన రెండు మాటలు ప్రోగ్రాంకు వేర్వేరు మాటలవుతాయి. కైరో అనే మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలను దాచే ప్రమాణంలో) ఒకే గుర్తుగానూ, రెండు గుర్తుల కలయికగానూ రాయవచ్చు. సూచికలో చేర్చేముందు యూనికోడ్ ప్రామాణీకరణ చేసి, అంటే ఇలాంటి రూపాలను ఒక్కటి చేసి, ఆ కనబడని అక్షరాన్ని వెతుకులాట రూపం నుంచి తీసేయాలి. విభక్తిని విడదీసే పని పెద్ద భాషా నమూనాలు బాగానే చేస్తాయి, వచనంలో ఉన్న రూపాన్నీ మూల రూపాన్నీ రెండూ ఇవ్వమని అడగండి. లిప్యంతరీకరణ మరింత కష్టం. తెలుగులో “లీ” అని రాసిన ఇంటిపేరు ఇంగ్లిష్‌లో మూడు నాలుగు వర్ణక్రమాల్లో దేనిదైనా కావచ్చు, చైనా పేరూ కావచ్చు. “రీడ్” కూడా అంతే. ఒక్క వర్ణక్రమాన్ని ఊహించి వెతికితే మిగతావారు జాబితాలోకే రారు. అన్ని రూపాలూ పుట్టించి అన్నిటితోనూ వెతకడం తప్ప దారి లేదు.

సరైన మనిషి గ్రాఫ్‌లోనే లేని సందర్భం పాత పత్రికల్లో సర్వసాధారణం. స్థానిక ఉపాధ్యాయుడికీ, నాటక సమాజం కార్యదర్శికీ వికీడేటాలో నోడ్ ఉండకపోవచ్చు. వారిని దగ్గరి పేరుకు తగిలించడమే మీ గ్రాఫ్ చెడిపోవడానికి మొదటి కారణమై ఉంటుందని నా అనుమానం. “వీరెవరూ కాదు” అని వచ్చిన ప్రతి ప్రస్తావనకూ ఒక తాత్కాలిక నోడ్ ఇవ్వండి, ఆధారం దొరికినప్పుడు ఆ తాత్కాలిక నోడ్‌లను తమలో తాము కలపండి. నోడ్‌లు ఎక్కువవుతాయని భయపడవద్దు. విడిగా ఉండిపోయిన రెండు నోడ్‌లను ఎప్పుడైనా కలపవచ్చు. కలిసిపోయిన ఇద్దరు మనుషులను విడదీయాలంటే ప్రతి వాస్తవాన్నీ మళ్లీ మూలంతో సరిచూడాలి.

ఈ అసమానత వల్లే నేను రెండు సమాధానాల పద్ధతిని ఒప్పుకోను. రికార్డుల జతకు గణిత రూపం ఇచ్చిన ఫెలెగి, సంటర్ 1969లోనే మూడు నిర్ణయాలు పెట్టారు: కలుస్తుంది, కలవదు, కలవవచ్చు. ఆ మూడోది మనిషి చూడవలసిన వరుస. మోడళ్లు ఇంత మారినా ఆ మూడో గడి అవసరం పోలేదు. ఏది ఆ వరుసలోకి వెళ్లాలో నిర్ణయించడానికి “నూటికి ఎంత నమ్మకం” అని మోడల్‌నే అడిగి ఆ అంకెను వాడవద్దు. మీరు స్వయంగా సరిచూసిన కొన్ని వందల ప్రస్తావనల మీద, మోడల్ తొంభై అన్నప్పుడు నిజంగా ఎన్నిసార్లు సరైనదో లెక్కించి, ఆ లెక్క మీద హద్దు పెట్టండి. రెండుసార్లు అడిగినప్పుడు సమాధానం ఒకటే కావడం, ఆధారపు మాటలు వచనంలో దొరకడం, తేదీలు కుదరడం, ఈ మూడూ కలిసినప్పుడు నాకు ఆ అంకె కంటే ఎక్కువ ధైర్యం ఉంటుంది.

ఆ వందల ప్రస్తావనలను మీ పత్రికల నుంచే ఏరండి, ఇద్దరు మనుషులు విడివిడిగా గుర్తించాలి. ఈ పనిని కొలవడానికి అందరూ వాడే ప్రసిద్ధ సేకరణ ఐడా-కోనెల్‌లో 1,393 రాయిటర్స్ వార్తలున్నాయి, అవి 1990ల నాటి ఇంగ్లిష్ వార్తలు. వాటి మీద వచ్చిన మార్కులు మీ పనికి హామీ ఇవ్వవు. ఫలితాలను ఒకే సగటుగా చూడకండి. ప్రసిద్ధులు, అంతగా తెలియనివారు, గ్రాఫ్‌లో లేనివారు అని మూడు వరుసలుగా విడదీసి చూడండి. సగటు తొంభై దాటిన ఒక వ్యవస్థలో మూడో వరుస సగానికి కూడా చేరకపోవడం నేను చూశాను, ఆ సగటే చాలాకాలం మమ్మల్ని మభ్యపెట్టింది. ఫైన్‌ట్యూనింగ్ ప్రశ్న ఇక్కడికి వచ్చాక అడగండి; మీ తప్పులు ఎంపికలోనే ఉన్నాయని తేలితే, అప్పుడు చిన్న మోడల్‌ను ఈ పనికే తీర్చిదిద్దడం ఖర్చు రీత్యా కూడా మేలు. తేలిక ప్రస్తావనలను అది చూసుకుంటుంది, పెద్ద మోడల్‌కు చిక్కువే వెళ్తాయి.

చివరిగా, నిర్ణయాలను నిల్వ చేసే తీరు. ప్రస్తావన నుంచి నోడ్‌కు గీసిన ప్రతి అంచునూ ఒక స్వతంత్ర రికార్డుగా ఉంచండి: ఏ పత్రం, ఏ మాటలు ఆధారం, ఏ మోడల్, దాని ఏ వెర్షన్, ఏ తేదీ, మనిషి చూశాడా లేదా. వాస్తవాలు నోడ్ మీదికి ఈ రికార్డు ద్వారానే రావాలి, అప్పుడు ఒక నిర్ణయం తప్పని తేలితే దాని ద్వారా వచ్చిన వాస్తవాలన్నీ దానితోనే వెనక్కి పోతాయి. రెండు గ్రాఫ్‌ల మధ్య సేమ్‌యాజ్ (ఈ రెండు నోడ్‌లూ ఒకటే అని చెప్పే) సంబంధం పెట్టేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే అది ఒకటి నుంచి ఒకటికి పాకుతుంది. ఒక్క తప్పు లింకు రెండు పెద్ద గుంపులను ఒక్కటి చేసేస్తుంది. కాదని తేలిన విషయాన్ని కూడా రాసుకోండి. వికీడేటాలో “దీనికి భిన్నమైనది” అని చెప్పే పీ1889 అనే లక్షణం ఇందుకే ఉంది. ఒకసారి ఇద్దరు చర్చిల్‌లు వేరని రాసిపెడితే, వచ్చే ఏడాది మరో మోడల్‌తో మళ్లీ నడిపినప్పుడు వారు మళ్లీ కలిసిపోరు.

ఇప్పటికే కలిసిపోయినవారిని వెతకడానికి మోడల్ అక్కరలేదు. ఒక్క విలువే ఉండవలసిన చోట రెండు ఉన్న నోడ్‌లను, జీవితకాలానికి కుదరని వివరాలున్న నోడ్‌లను ముందు తీయండి: రెండు పుట్టిన తేదీలు, రెండు మరణ తేదీలు, మరణం తరువాత నిర్వహించిన పదవి, పదేళ్ల వయసుకు ముందే అచ్చయిన పుస్తకం. ఆ జాబితా సాధారణంగా మనిషి చదవగలిగినంతే ఉంటుంది. వాటిని విడదీసేటప్పుడు ప్రతి వాస్తవానికీ దాని మూల వాక్యాన్ని పక్కన పెట్టి, ఇది ఏ ఇద్దరిలో ఎవరిదని పైన చెప్పిన పద్ధతిలోనే మోడల్‌ను అడగండి. పాత నోడ్ సంఖ్యను మాత్రం వారిలో ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టి, ఇద్దరికీ కొత్త సంఖ్యలు ఇవ్వండి. లేకపోతే ఆ పాత సంఖ్యను ఇప్పటికే వాడుతున్న ఇతర వ్యవస్థలు, మార్పు జరిగిందన్న సంగతి తెలియకుండానే మిగిలిన ఒక్కరికి ఇద్దరి వివరాలనూ అంటగడుతూ పోతాయి.